శ్రీకాకుళం ఉక్కపోతలో ఎడారి తొండకు ఇల్లు: ఒక కేస్ స్టడీ

పెంపుడు సరీసృపాల వైద్యంలో మందుల చీటీ చాలా చిన్నది. జంతువు ఉండే పెట్టెలో వేడి, వెలుగు, తేమ, గాలి కుదిరితే జబ్బు చాలావరకు అక్కడే ఆగుతుంది. అవి కుదరకపోతే ఎంత ఖరీదైన మందు వేసినా వృథా. ఈ కేసును ఇంత వివరంగా రాయడానికి మొదటి కారణం అది. రెండో కారణం, బియర్డెడ్ డ్రాగన్ అనే ఈ ఎడారి తొండకు ఇల్లు ఎలా అమర్చాలో చెప్పే సమాచారం దాదాపు అంతా చలి దేశాల వాళ్ళు రాసింది. గదిని ఎలా వెచ్చబెట్టాలన్నదే వాళ్ళ బెంగ. మన శ్రీకాకుళంలో వేడి అడక్కుండానే దొరుకుతుంది. ఇక్కడ కష్టపడి సంపాదించుకోవాల్సినవి చల్లటి మూల, పొడి గాలి.

జంతువు మా దగ్గరికి ఎలా వచ్చింది

పట్టణంలో ఒక అద్దె గది ఖాళీ చేసిన కుర్రాళ్ళు చేపల తొట్టెలో ఒక ప్రాణిని వదిలేసి వెళ్ళిపోయారు. ఇంటి యజమాని దాన్ని ఉడుము పిల్ల అనుకున్నారు. చుట్టుపక్కల వాళ్ళు విషమన్నారు, కొట్టి పారేయమన్నారు. పక్కింట్లో ఉండే ఒక టీచరమ్మ అడ్డుపడి, తొట్టెతో సహా ఆటోలో పెట్టుకుని క్లినిక్‌కు తెచ్చారు. కూడా ఆవిడ అత్తగారు, హైస్కూల్లో చదివే కొడుకు వచ్చారు.

"ఇది కరుస్తాదేటి బాబూ?" అని అత్తగారు గుమ్మం దగ్గరే ఆగిపోయారు.

"కరవడానికి దానికి ఓపిక లేదమ్మా, ముందు దాన్ని బతికించుకోవాలి" అన్నాను.

అది నడిమి ఆస్ట్రేలియా మెట్ట నేలల్లో బతికే బియర్డెడ్ డ్రాగన్. శాస్త్రీయ నామం పోగోనా విట్టిసెప్స్. మన పెరట్లో తిరిగే తొండ, ఇది ఒకే కుటుంబం, అగామిడే. గొంతు కింద ముళ్ళ చర్మాన్ని ఉబ్బించి నల్లగా మార్చుకోవడం, తల ఊపడం, ముందు కాలు ఎత్తి ఆడించడం దీని అలవాట్లు. విషం లేదు. బాగా చూసుకుంటే ఎనిమిది నుంచి పన్నెండేళ్ళు బతుకుతుంది. ఆస్ట్రేలియా తన వన్యప్రాణులను వ్యాపారం కోసం బయటికి పంపనివ్వదు కాబట్టి బయటి దేశాల్లో అమ్మకానికి ఉన్నవన్నీ బోనుల్లో పుట్టినవాటి సంతతి అని చెబుతారు.

ఇక్కడ చట్టం మాట కూడా చెప్పాలి. 2020లో కేంద్ర పర్యావరణ శాఖ విదేశీ జంతువులు పెంచుకునేవాళ్ళను స్వచ్ఛందంగా వివరాలు నమోదు చేసుకోమని కోరింది. 2022లో పార్లమెంటు వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని సవరించి, వన్యజీవుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం సైటిస్ జాబితాల్లో ఉన్న జీవులకు నమోదు నియమాలు తెచ్చింది. అందుకే ఇలాంటి జంతువు దొరికినప్పుడు ఫొటోలతో, దొరికిన తీరు వివరిస్తూ అటవీ శాఖకు రాతపూర్వకంగా తెలియజేయడం మా మొదటి పని. టీచరమ్మ చేత అదే రోజు ఆ పని చేయించాం. అక్కరలేని విదేశీ జంతువును ఊరి బయట తోటలో వదిలేయడం మాత్రం ఎవరూ చేయకూడదు. అది చస్తే దానికి అన్యాయం, బతికితే ఇక్కడి జీవులకు ప్రమాదం.

పరీక్షలో కనిపించినవి

బరువు 212 గ్రాములు. మూతి నుంచి తోక కొస దాకా 43 సెంటీమీటర్లు. ఆ పొడవుకు బరువు 300 గ్రాములైనా దాటి ఉండాలి. కళ్ళు లోపలికి పోయాయి. తోక మొదట్లో కండ కరిగిపోయి నడుం ఎముకలు పైకి పొడుచుకొచ్చాయి. కింది దవడను వేలితో మెల్లగా నొక్కితే లోపలికి వంగింది. ముందు కాళ్ళ వేళ్ళలో సన్నటి వణుకు. వెనక ఎడమ కాలు ఈడుస్తోంది. రెండు వేళ్ళకు పాత కుబుసం బిగుసుకుపోయి, ఒక వేలి కొన నల్లబడి చచ్చిపోయింది. తోక మొదలు కింద చూస్తే మగవాటికి ఉండే రెండు ఉబ్బులు లేవు, ఆడది. ఈ సంగతి తర్వాత చాలా అక్కరకొచ్చింది.

ఎక్స్‌రేలో తొడ ఎముకల గోడలు కాగితం మందాన కనిపించాయి. ఎడమ తొడ ఎముక ఎప్పుడో విరిగి వంకరగా అతుక్కుంది. పేగులో ఇసుక నీడ ఉంది, కానీ దారి పూర్తిగా మూసుకుపోలేదు. మలం పరీక్షలో కాక్సీడియా అనే కంటికి కనిపించని పేగు పరాన్నజీవులు, కొద్దిగా పిన్‌వార్మ్ అనే సన్నటి పేగు పురుగుల గుడ్లు.

ఇది మెటబాలిక్ బోన్ డిసీజ్. ఈ జంతువు చర్మం మీద ఎండలో ఉండే యూవీబీ అనే అతినీలలోహిత కిరణాలు పడితేనే ఒంట్లో విటమిన్ డీ3 తయారవుతుంది. డీ3 లేకపోతే తిన్న కాల్షియం పేగుల నుంచి రక్తంలోకి సరిగా ఎక్కదు. గుండె కొట్టుకోవాలన్నా కండరం కదలాలన్నా రక్తంలో కాల్షియం ఉండి తీరాలి. అందుకని పారాథైరాయిడ్ గ్రంథులు ఎముకల్లోంచి లాగి రక్తానికి అందిస్తాయి. నెలల తరబడి అదే జరిగితే ఎముక గుల్లబారుతుంది. అలా లాగినదీ చాలనప్పుడు వణుకు, ఆపైన ఫిట్స్ మొదలవుతాయి. మా దగ్గరికి వచ్చేసరికి ఇది వణుకు దశలో ఉంది.

పాత ఇంటిని కూడా పరీక్షించాలి

జంతువుతో పాటు దాని పెట్టెను కూడా తెమ్మని అందరికీ చెబుతాను. రోగ చరిత్ర సగం అందులోనే ఉంటుంది. ఇది రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు ఉన్న చేపల తొట్టె. పైన అద్దం మూత, ఒక పక్కన సన్నటి సందు. అడుగున రెండంగుళాల ఇసుక. మూలన వెడల్పాటి నీళ్ళ గిన్నె. మూత కింద వేలాడుతున్న ఎర్ర బల్బు. ఆ బల్బు వెలిగించి కొలిచాను. బల్బు కింద 33 డిగ్రీలు, ఎదురు మూలలో 31. తేమ 84 శాతం.

అంటే ఈ ప్రాణికి వెచ్చగా కాగడానికి చోటు లేదు, చల్లబడటానికి చోటు లేదు, గాలి ఆడదు. సరీసృపాలు ఒంట్లో వేడి పుట్టించుకోలేవు. వేడి చోటికీ చల్లటి చోటికీ తిరుగుతూ ఒంటి ఉష్ణోగ్రతను సరిచూసుకుంటాయి. తిరగడానికి రెండు చోట్లూ లేకపోతే తిన్నది అరగదు, రోగంతో పోరాడే శక్తి రాదు. ఎర్ర బల్బు పగలూ రాత్రీ వెలుగుతూ ఉండేదట. ఈ జంతువులకు ఎరుపు రంగు బాగా కనిపిస్తుంది, రాత్రిపూట దానికి నిద్ర కూడా లేదన్నమాట.

"కిటికీ పక్కనే ఉండేదండీ, పొద్దున పూట బాగా ఎండ పడేది" అన్నారు టీచరమ్మ. చాలామంది ఇదే చెబుతారు. మామూలు అద్దం యూవీబీని దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. అద్దంలోంచి వచ్చే ఎండ వేడినిస్తుంది, వెలుగునిస్తుంది, ఎముకకు కావలసింది మాత్రం ఇవ్వదు. పైగా మూత పెట్టిన అద్దాల తొట్టె నేరుగా ఎండలో ఉంటే కొద్ది నిమిషాల్లోనే ప్రాణం తీసేంత వేడెక్కుతుంది.

ఇలాంటి జంతువును చేపల తొట్టెతో, ఎర్ర బల్బుతో కలిపి అమ్మేవాళ్ళ మీద నాకు నిజంగా కోపం వస్తుంది. కొన్న కుర్రాళ్ళకు ఏమీ తెలియదు. అమ్మినవాళ్ళు తెలుసుకుని అమ్మాలి.

మొదటి వారాలు

ముందు ఒళ్ళు వెచ్చబడాలి. చల్లటి ఒంట్లోకి తిండి పోస్తే అది పేగులోనే కుళ్ళుతుంది. క్లినిక్‌లో తాత్కాలికంగా గాలి ఆడే ప్లాస్టిక్ పెట్టె, పాత వార్తాపత్రికల పరుపు, హాలోజెన్ లైటు, యూవీబీ ట్యూబు అమర్చి, ద్రవాలు ఎక్కించి, ఆ తర్వాతే నోటిద్వారా కాల్షియం మొదలుపెట్టాం. మోతాదు బరువును బట్టి డాక్టరే లెక్కగట్టాలి, అందుకే ఇక్కడ అంకెలు రాయడం లేదు. డీ3 ఇంజెక్షన్ల జోలికి వెళ్ళలేదు. అది ఎక్కువైతే మూత్రపిండాల్లో, రక్తనాళాల్లో కాల్షియం గడ్డకడుతుంది. వెలుగు నుంచి చర్మం తయారు చేసుకునే డీ3కి ఆ ప్రమాదం లేదు. కాక్సీడియాకు మందు వేశాం. పిన్‌వార్మ్‌లు తక్కువగా ఉన్నాయి కాబట్టి ఒళ్ళు కోలుకునే దాకా వాటిని ముట్టుకోలేదు. బిగిసిన కుబుసాన్ని గోరువెచ్చటి నీళ్ళతో నానబెట్టి కొద్దికొద్దిగా విప్పాం. చచ్చిన వేలి కొన తర్వాత తనంతట తనే ఊడిపోయింది.

వణుకు తగ్గి, ఆకు తనే కొరకడం మొదలుపెట్టాక అసలు ప్రశ్న వచ్చింది. ఇది ఎవరింటికి వెళ్ళాలి? టీచరమ్మ వెంటనే మేము పెంచుతామన్నారు. సంతోషమే, కానీ ఇల్లు సిద్ధమయ్యాకే పంపుతానన్నాను.

ఇల్లు కట్టడం

ఎక్కడ పెట్టాలన్నది ముందు తేల్చుకున్నాం. వాళ్ళది మేడ మీద ఒక గది ఉన్న శ్లాబు ఇల్లు. అబ్బాయి మేడ గదిలో పెట్టుకుంటానన్నాడు. మే నెలలో మధ్యాహ్నం ఆ గదిలో మనుషులే ఉండలేరు. కింద హాల్లో, ఉత్తరం వైపు లోపలి గోడకు ఆనించి పెట్టమన్నాను. నేల మీద కాకుండా నడుం ఎత్తు బల్ల మీద. పైనుంచి నీడ పడితే గద్ద వచ్చిందన్నంత భయపడే ప్రాణి ఇది. వంగి చూసే మనుషుల మధ్య నేల మీద పెడితే రోజంతా బెదురుతూనే ఉంటుంది.

పెట్టె కొలత నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు. పెద్ద బియర్డెడ్ డ్రాగన్‌కు ఇది కనీసం. పొడవు ఎందుకంటే, ఒక చివర 40 డిగ్రీలు, రెండో చివర 26 డిగ్రీలు ఉండాలంటే మధ్యలో దూరం కావాలి. వడ్రంగి మేస్త్రి మామూలు ప్లైవుడ్ అన్నారు. మన తేమకు అది ఉబ్బుతుంది, బూజు పడుతుంది. ఖర్చు కొంచెం ఎక్కువైనా తడికి ఉబ్బని డబ్ల్యూపీసీ బోర్డుతో, అంటే చెక్క పొడి, ప్లాస్టిక్ కలిపి చేసే పలకతో చేయించాం. ముందు పక్కకు జరిగే అద్దాల తలుపులు. జిగురు, సిలికాన్ వాసన పూర్తిగా పోయేదాకా పెట్టెను ఖాళీగా గాలికి ఉంచాం.

ఈ పెట్టెలో అన్నిటికన్నా ఎక్కువ ఆలోచించింది గాలి దారుల గురించి. చల్లటి చివర కింద, అడుగుకు నాలుగు వేళ్ళ ఎత్తులో వెడల్పాటి జాలీ. వేడి చివర పైన, వెనక గోడలో ఇంకో జాలీ, దానికి కంప్యూటర్లలో వాడే చిన్న ఫ్యాను బయటికి ఊదేలా. వేడి గాలి పైనుంచి పోతుంటే చల్లటి గాలి కిందినుంచి దానంతట అదే వస్తుంది. చలి దేశాల పెట్టెల్లో వేడి పోకుండా చిన్న రంధ్రాలు పెడతారు. మన దగ్గర అవే రంధ్రాలు పెడితే లోపల ఉక్క పట్టేస్తుంది.

తేమ గురించి ఇక్కడ ఒక భౌతిక శాస్త్ర విషయం తెలుసుకుంటే టెన్షన్ సగం తగ్గుతుంది. 28 డిగ్రీల దగ్గర 80 శాతం తేమ ఉన్న గాలిని అలాగే 38 డిగ్రీలకు వేడి చేస్తే, నీటి ఆవిరి అంతే ఉన్నా తేమ శాతం సుమారు 45కి దిగుతుంది. అంటే పగటిపూట లైటు వెలుగుతున్నంతసేపు వేడి చివర దానంతట అదే పొడిగా ఉంటుంది. చిక్కు వచ్చేది రాత్రిపూట, చల్లటి చివర. అందుకని పెద్ద నీళ్ళ గిన్నె తీసేయించాను. పొద్దున ఆకుల మీద నీళ్ళు చిలకరించడం, మూతి మీద డ్రాపర్‌తో చుక్కలు వేస్తే నాకడం, చిన్న మూకుడులో కాసేపు నీళ్ళు పెట్టి తీసేయడం చాలు. తేమ మరీ ఎక్కువై, మురికి కూడా తోడైతే ఈ జాతిలో పసుపు రంగు పెచ్చులు కట్టే ఒక మొండి ఫంగస్ జబ్బు వస్తుంది. నానిజియాప్సిస్ అనే ఫంగస్ వల్ల వచ్చేది. అది లోపలి అవయవాలకు పాకితే కాపాడటం చాలా కష్టం.

అడుగున ఇసుక లేదు. నున్నగా పాలిష్ చేయని నాపరాళ్ళు పరిచాం. గోళ్ళు అరుగుతాయి, తుడవడం తేలిక. వేడి చివర కాగడానికి టెక్కలి వైపు నుంచి గ్రానైట్ ముక్క ఒకటి తెచ్చారు. పాలిష్ వైపు కిందికి, గరుకు వైపు పైకి పెట్టించాను, లేకపోతే బలహీనమైన కాళ్ళు జారతాయి. గ్రానైట్ నెమ్మదిగా వేడెక్కి, లైటు ఆర్పాక కూడా చాలాసేపు వేడిని పట్టి ఉంచుతుంది. సాయంత్రం తిన్న మేత అరగడానికి అది మేలు. రాయి మెట్లలా అమర్చి, ఎక్కడానికి ఎండిన చింత కొమ్మ వాలుగా బిగించాం. ఎముక గట్టిపడే దాకా కొమ్మ ఎత్తు జానెడు దాటనివ్వలేదు, పడితే మళ్ళీ విరుగుతుంది. పలాస బంధువులు జీడిమామిడి కొమ్మలు తెస్తామన్నారు. సొన ఉన్న చెట్టు వద్దన్నాను. చల్లటి చివర దాక్కోవడానికి రెండు పెంకులు బోర్లించాం.

లైట్లలో పొదుపు చేయకూడనిది యూవీబీ ట్యూబు ఒక్కటే. యూవీబీ 12 శాతం అని రాసి ఉండే టీ5 రకం సన్నటి ట్యూబు, పెట్టె పొడవులో సగానికి, వేడి చివర వైపు. జాలీ పైన కాకుండా లోపలే బిగించాం, ఎందుకంటే సన్నటి జాలీ మూడో వంతు దాకా కిరణాలను తినేస్తుంది. ట్యూబుకు, రాయి మీద కూర్చున్న జంతువు వీపుకు మధ్య దూరం 35 సెంటీమీటర్లు. సోలార్‌మీటర్ 6.5 అనే యూవీ కొలిచే మీటరుతో చూస్తే వీపు ఎత్తులో యూవీ సూచిక 3.9 వచ్చింది, పెంకుల దగ్గర సున్నా. మూడు, అయిదు మధ్య ఉంటే ఈ జాతికి చక్కగా సరిపోతుంది. ఊదా రంగులో వెలిగే బల్బులు యూవీబీ పేరుతో తక్కువ ధరకు దొరుకుతున్నాయి. వాటిలో చాలావాటికి మీటరు ముల్లు కూడా కదలదు. మంచి ట్యూబు కూడా ఏడాది తిరిగేసరికి బలహీనపడుతుంది, కంటికి మాత్రం అంతే వెలుగు కనిపిస్తుంది. కాబట్టి పెట్టిన తేదీ ట్యూబు మీదే రాసిపెట్టాలి.

వేడికి 75 వాట్ల హాలోజెన్ ఫ్లడ్ లైటు, డిమ్మర్‌తో. రాయి పైభాగం 40 డిగ్రీలు వచ్చేలా సర్దాం. కొలవడానికి కోవిడ్ కాలంలో నుదుటి మీద పెట్టిన థర్మామీటర్ పనికిరాదు, అది మనిషి చర్మానికి సర్దినది. పారిశ్రామిక ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ కావాలి.

వేడిని బట్టి లైటును ఆర్పి వెలిగించే థర్మోస్టాట్ విషయంలో మాత్రం అలవాటైన పద్ధతి మార్చాం. సాధారణంగా దాని సెన్సర్‌ను వేడి చివర పెడతారు. మేము చల్లటి చివర, పెంకుల పక్కన పెట్టాం. అక్కడ 30 డిగ్రీలు దాటిందంటే హాలోజెన్ ఆరిపోవాలి. ఉక్క ఊరిలో జంతువును చంపేది వేడి చాలకపోవడం కాదు, పారిపోయి చల్లబడే చోటు లేకపోవడం.

మొత్తం ఖర్చు పదిహేను వేల దాకా అయింది, అందులో మూడో వంతు లైట్లకే. ఇంత అవుతుందని జంతువును కొనేముందే ఎవరైనా చెప్పి ఉంటే ఆ అద్దె గది కుర్రాళ్ళు కొనేవాళ్ళు కాదేమో.

మేత

పెద్ద బియర్డెడ్ డ్రాగన్ తిండిలో ఎక్కువ భాగం ఆకు కూర, తక్కువ భాగం పురుగు. మనకు దొరికే వాటిలో మునగాకు, మందార ఆకులు, మందార పూలు, మల్బరీ ఆకు దీనికి బాగా నప్పాయి. గుమ్మడి, బెండ, బీర సన్నగా తరిగి కలిపేవారు. పాలకూర, తోటకూర, చుక్కకూర, గోంగూర వద్దని గట్టిగా చెప్పాను. వాటిలో ఆక్సలేట్లు ఎక్కువ, ఉన్న కాల్షియాన్ని పట్టేసుకుని ఒంటికి అందనివ్వవు. ఎముక జబ్బు ఉన్న జంతువుకు రోజూ పాలకూర పెట్టడమంటే ఒక చేత్తో ఇచ్చి రెండో చేత్తో లాక్కోవడమే.

పురుగుల దగ్గర ఇంట్లో కాస్త గొడవైంది. పొలం గట్టున మిడతలు పట్టుకొస్తానని అబ్బాయి సంబరపడ్డాడు. వరి చేలో మందు కొడతారు, పైగా బయటి పురుగులతో పరాన్నజీవులు వస్తాయి. చివరికి ప్లాస్టిక్ టబ్బులో కోడిగుడ్ల అట్టలు పెట్టి కీచురాళ్ళను పెంచడం మొదలుపెట్టారు. "ఇంట్లో పురుగుల పెంపకమేటి తల్లీ" అని అత్తగారు మొదట్లో ఆ గదిలోకి రాలేదు. వాటికి మునగాకు పెట్టి, దీనికి వేసేముందు కాల్షియం కార్బోనేట్ పొడి అద్దాలి. పురుగు సైజు జంతువు రెండు కళ్ళ మధ్య దూరం దాటకూడదు.

కాల్షియం పొడి అనగానే ఇంట్లో దొరికే తెల్లటివి గుర్తొస్తాయి. తాంబూలంలో వేసుకునే సున్నం నోరు, గొంతు కాల్చేస్తుంది. బడి చాక్‌పీస్ ఎక్కువగా జిప్సం. రెండూ వద్దు. వానాకాలంలో ఇంకో హెచ్చరిక. మిణుగురు పురుగులు ఈ జాతికి ప్రాణాంతకం. ఒక్కటి తిన్నా చాలు, కొద్ది గంటల్లో చనిపోయిన కేసులు అమెరికాలో నమోదయ్యాయి. సాయంత్రం కిటికీలోంచి వచ్చేవి పెట్టెలో దూరకుండా జాలీలు సన్నవి వేయించింది అందుకే.

జంతువును ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోవడం, దాని గిన్నెలు వంటింటి సింకులో కడగకపోవడం ఇంట్లో అందరికీ నియమం. ఆరోగ్యంగా ఉన్న సరీసృపాల పేగుల్లో కూడా సాల్మొనెల్లా ఉంటుంది.

ఋతువుల పరీక్ష

అక్టోబరు వస్తే మన తీరానికి తుపాను భయం. 2018లో తిత్లీ పలాస దగ్గర తీరం దాటాక ఎన్ని పల్లెలు ఎన్ని రోజులు చీకట్లో ఉన్నాయో ఇక్కడివాళ్ళకు చెప్పక్కర్లేదు. కరెంటు పోతే ఈ జంతువు ఏమవుతుందని టీచరమ్మ అడిగారు. గది 25 డిగ్రీల దగ్గర ఉంటే కొన్ని రోజులు లైటు లేకపోయినా బరువున్న జంతువుకు ముప్పు లేదు. ముప్పు కడుపులో మేత ఉండటం. వేడి లేకపోతే అది అరగదు. కాబట్టి తుపాను హెచ్చరిక రాగానే పురుగులు ఆపేయాలి, నీళ్ళు మాత్రం ఇవ్వాలి, కరెంటు వచ్చి రాయి వేడెక్కాక మళ్ళీ మేత. ఇంటి ఇన్వర్టర్ మీద యూవీబీ ట్యూబు ఒక్కటే నడుస్తుంది, హాలోజెన్ నడపరు. ఆ ఏడాది వాయుగుండం పట్టి రెండు రోజులు కరెంటు పోయినప్పుడు ఇదే పద్ధతి పాటించారు, ఇబ్బంది రాలేదు.

డిసెంబరు, జనవరిలో రాత్రి హాల్లో 19, 20 డిగ్రీలకు దిగింది. రాత్రి అంత చల్లబడటం దీనికి మంచిదే. చలికాలంలో ఈ జాతి మందగించి రోజుల తరబడి నిద్రపోవడం సహజం. కానీ కోలుకుంటున్న జంతువుకు మొదటి ఏడాది ఆ సుదీర్ఘ నిద్ర వద్దనుకున్నాం. లైట్లు పన్నెండు గంటలు తగ్గకుండా ఉంచాం. పొద్దున ఎండ నేరుగా చూపించడం మొదలుపెట్టింది కూడా ఈ చలికాలంలోనే. మేడ మీద జాలీ పెట్టె, సగానికి గ్రీన్ నెట్ నీడ, పక్కనే ఒక మనిషి. కాకులు, పిల్లులు క్షణంలో వస్తాయి. నోరు తెరుచుకుని ఉందంటే కాగడం చాలని గుర్తు, వెంటనే నీడకు తేవాలి.

ఫిబ్రవరి చివర్లో అసలు పరీక్ష ఎదురైంది. ఆకు మానేసి, పగలంతా మూలలు గీరడం మొదలుపెట్టిందని ఫోన్ వచ్చింది. కడుపు తడిమితే ద్రాక్ష పళ్ళంత గుండ్రటి గుడ్లు చేతికి తగిలాయి. మగది లేకపోయినా ఈ జాతి ఆడవి గుడ్లు పెడతాయి, ఆ గుడ్లలోంచి పిల్లలు రావు. గుడ్డు పెంకుకు కాల్షియం కావాలి, గుడ్డును బయటికి నెట్టడానికి కండరానికీ కాల్షియం కావాలి. ఆర్నెల్ల కిందటి ఎముకలతో ఉండి ఉంటే గుడ్లు లోపలే ఆగిపోయి చనిపోయేది.

పెట్టడానికి అనువైన తావు దొరక్కపోతే ఆరోగ్యమైన జంతువు కూడా గుడ్లు ఆపుకుంటుంది. నాపరాళ్ళ మీద తవ్వడానికి ఏముంది? వెంటనే లోతైన ప్లాస్టిక్ టబ్బులో నాగావళి ఇసుక, తోట మట్టి కలిపి, పిడికిట్లో నొక్కితే ముద్ద నిలిచేటంత తడి చేసి, జానెడు లోతు పైగా నింపాం. అందులో చేత్తో ఒక సొరంగం మొదలు తవ్వి పెట్టాం. టబ్బును వేడి లైటుకు దూరంగా పెట్టి, పెట్టె అద్దాలకు దుప్పటి కప్పి, ఎవరూ తొంగి చూడొద్దన్నాను. మర్నాటికల్లా 16 గుడ్లు పెట్టి, మట్టి కప్పి, తలతో అదిమి, బయటికొచ్చి రాయి ఎక్కింది. అప్పటికి 374 గ్రాములున్న బరువు 309కి పడిపోయింది. నీళ్ళు, కాల్షియం, పురుగులు పెంచాం. కొద్ది వారాల్లో తేరుకుంది. ఆడ జంతువును పెంచేవాళ్ళు ఈ టబ్బు సరంజామా ముందే సిద్ధంగా ఉంచుకోవాలి. గీరడం మొదలయ్యాక వెతుక్కుంటే ఆలస్యం.

మే నెల వడగాలులకు చల్లటి చివర సెన్సర్ పనికొచ్చింది. పదకొండు గంటలకే హాలోజెన్ ఆరిపోయేది. గది గాలే 34 డిగ్రీలుంటే అదనపు వేడి ఎందుకు? యూవీబీ మాత్రం పొద్దున పూట ఇచ్చేవాళ్ళం. హాల్లో ఎయిర్ కూలర్ పెట్టుకుందామనుకున్నారు. కూలర్ గాలిని చల్లబరుస్తుంది కానీ తేమను విపరీతంగా పెంచుతుంది, దాన్ని వేరే గదికి మార్పించాను. గది 36 దాటిన మధ్యాహ్నాల్లో చిన్న పెట్టెలో పెట్టి ఏసీ ఉన్న పడగ్గదిలో, నేరుగా గాలి తగలని చోట ఉంచేవారు. ఏసీ చల్లబరుస్తూనే తేమనూ లాగేస్తుంది.

ఇప్పుడు

బరువు 395 గ్రాములు. కింది దవడ గట్టిపడింది. కొత్త ఎక్స్‌రేలో ఎముకల గోడలు స్పష్టంగా మందమయ్యాయి. వంకరగా అతికిన తొడ ఎముక మాత్రం అలాగే ఉంటుంది, ఎడమ కాలు జీవితాంతం కాస్త పక్కకు పడుతుంది. అందుకే చింత కొమ్మను ఇంకా తక్కువ వాలుకు దింపి, కింద ఒక రాయి అదనంగా వేయించాం. మలంలో కాక్సీడియా రెండు పరీక్షల్లోనూ కనిపించలేదు. వానలు మొదలయ్యే లోపు యూవీబీ ట్యూబు మార్చాలి, ఫ్యాను దుమ్ము తుడవాలి, ఆ తర్వాత మళ్ళీ మీటరుతో కొలవాలి. పొద్దున మందార పూలు కోసి దానికి పెట్టేది ఇప్పుడు అత్తగారే.